మీసం మీద చెయ్యి పడితే చాలు

మొన్నటిదాకా ధర్మవరంలో నాకు చుట్టమనేవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడున్నాడు. అల్లాటప్పా చుట్టం కూడా కాదు, బామ్మర్ది! అందులోనూ నాకంటే ఇరవై ఏండ్లు పెద్ద బామ్మర్ది. పెళ్ళి లేదు, పేరంటం లేదు, స్టేజీ మీద కూర్చుని, మైకులో, హాలు నిండా జనం వింటుండగా చుట్టరికం కలిపేసుకున్నా. ఎట్లనో చెప్తా, టీ చెప్పండి ముందు. నా గ్లాసులో మాత్రం రెండు మిరియాలు దంచి వెయ్యమనండి. గొంతు ఇంకా దారికి రాలేదు.

నా సంగతి మీకు తెలిసిందే. హిందూపురంలో నన్ను రాజు అంటారు. అది నా పేరు కాదు. పద్యనాటకాల్లో నాకెప్పుడూ రాజు వేషమే ఇస్తారు కాబట్టి ఆ పిలుపు అతుక్కుపోయింది. రాజు వేషమే ఎందుకిస్తారంటే, రాజు ఎక్కువసేపు కూర్చునే ఉంటాడు. నా నటన మీద మా హార్మోనియం మేష్ట్రుకి ఉన్న నమ్మకం అంతటిది.

చూసేవాళ్ళకి ఈ బతుకు దర్జాగా కనబడుతుంది. కిరీటం, శాలువా, సింహాసనం! ఆ కిరీటం లోపలి అంచు నుదుటిని కోసేస్తుందని ఎవరికి తెలుసు? రంగు పూసీ పూసీ చెంపలు ఎండిన మడి మాదిరి బీటలు వారినాయి. పెరుగు తినకూడదు. చల్లనీళ్ళు తాగకూడదు. పొద్దున మీరు లేచి చెప్పులు ఎక్కడున్నాయని వెతుక్కుంటారు. నేను గొంతు ఉందా లేదా అని వెతుక్కుంటా. వ్యానులో నిద్ర, ప్యాకెట్టులో అన్నం. ఇంటికొస్తే నా భార్య తలుపు తీసి, "చెవుల ఎనక రంగు అట్లే ఉండాది, కడుక్కోని లోపలికి రా" అంటుంది. మహారాజుకి స్వాగతం అదీ!

అన్నీ ఓర్చుకుంటా. నేను ఓర్చుకోలేనిది ఒక్కటే. వన్స్ మోర్.

పద్యనాటకం చూసినవాళ్ళకి తెలుసు. పద్యం మనసుకి తగిలితే జనంలోంచి 'వన్స్ మోర్' అని కేక వస్తుంది. అంతే, కథ అక్కడ ఆగిపోవాల్సిందే. యుద్ధానికి బయలుదేరినవాడు ఆగాలి, చచ్చిపోతున్నవాడు ఆగాలి. మేష్ట్రు మళ్ళీ శృతి ఇస్తాడు, నటుడు మళ్ళీ అదే పద్యం ఎత్తుకుంటాడు. వచ్చిన కేకని కాదంటే జనాన్ని అవమానించినట్టే. మాకు సన్మానమైనా, బిరుదైనా ఆ కేకే. మా సేనాపతికి వస్తాయి. మా రాణికి వస్తాయి. ఒకసారి రెండు నిమిషాలు కనబడి పోయే దూతకి కూడా వచ్చింది! నాకు? ఇన్నేండ్లలో ఒక్కటి రాలేదు. ఒకసారి వెనక వరసలో ఎవరో చెయ్యెత్తినాడు. నా గుండె ఆగినంత పనైంది. చూస్తే ఆయన సోడా బండివాణ్ణి పిలుస్తున్నాడు.

ఆ కడుపుమంట తట్టుకోలేక ఓబులేసుని పిలిచినా.

ఓబులేసు నా అసలు బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు. చిలమత్తూరులో గొర్రెల వ్యాపారం. కొండకి ఈ పక్క నిలబడి కేకేస్తే ఆ పక్క మేసే గొర్రె తలెత్తి చూస్తుంది. దేవుడు నాకని తయారు చేసిన గొంతుని అడ్రసు తప్పి వాళ్ళింట్లో ఇచ్చిపోయినాడని నా అనుమానం.

"ఓబులేసూ, ఒక సాయం చెయ్యల్ల నువ్వు."

"చెప్పు బావా. ఎవుర్ని కొట్టల్ల?"

"ఎవుర్నీ వద్దు. అరవల్ల."

ప్లాను చెప్పినా. నాటకం మొదట్లో రాజు యుద్ధానికి పోయే ముందు ఒక వీరపద్యం ఉంటుంది. అది అయిపోగానే నేను మీసం మెలేస్తా. ఎట్లాగూ రాజే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నా చెయ్యి మీసం మీద పడిందంటే వీడు వెనక నుంచి 'వన్స్ మోర్' అని అరవాలి.

"ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు అరవల్లనా బావా?"

ఒక్కసారి చాలు అనాల్సింది. మనిషికి ఆశ ఉంటుంది కదా! "ఆఁ, ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు" అన్నా.

ఆ రోజు మాకు రెండు ఆటలు. పొద్దున పెనుకొండలో కొత్త కల్యాణ మండపం ప్రారంభోత్సవంలో ఒకటి, సాయంత్రం ధర్మవరంలో నాటక పోటీల్లో ఒకటి. రెంటికీ అదే నాటకం, అదే రాజు, అదే గొంతు. హిందూపురంలో వ్యాను ఎక్కేముందే మేష్ట్రు అందరినీ నిలబెట్టి చెప్పేసినాడు.

"సూడండప్పా, ధర్మవరంలో మొదటి రెండు స్థానాల్లో వచ్చినామంటే ఏడాదంతా ఊర్లు పిలుస్తాయి. రాకుంటే ఈ ట్రూపు ఇంతటితో సరి. నాకూ ఓపిక అయిపోయింది. పెట్టె మూసి అటక మీద పెట్టేస్తా."

పెట్టె అంటే హార్మోనియం. మేష్ట్రు ఉత్తినే అనే మనిషి కాదు. మా రాణి సుజాతమ్మ ముఖం వాడిపోయింది. ఆమె ఇల్లు గడిచేది ఈ వేషాలతోనే. నా ఇల్లు కూడా, నా భార్య కుట్టు మిషను ముందు ఈ మాట అనను గానీ, కొంచెం దీంతోనే.

మేష్ట్రు నా వైపు తిరిగి ఇంకో మాట అన్నాడు. "నువ్వు పెనుకొండలో సగం గొంతుతోనే పాడల్ల. కొడుకు పోయినప్పుడు రాజు పాడే ఆ ఏడుపు పద్యమే మనకు ప్రాణం. మిగతా సగం ధర్మవరానికి దాచిపెట్టు."

అప్పుడైనా ఓబులేసుకి ఫోను చేసి వద్దని చెప్పి ఉండొచ్చు. ఒక్క వన్స్ మోర్‌కి గొంతేమన్నా అరిగిపోతుందా అనుకున్నా.

పెనుకొండ మండపం ధగధగలాడిపోతోంది. పైన వరసగా కొత్త ఫ్యాన్లు. ఒక్కటీ తిరగడం లేదు! "ఫ్యాన్లు బిగించినాం గానీ కరెంటు కనెక్షను ఇంకా రాలేదప్పా" అన్నాడు మండపం యజమాని సిగ్గుపడుతూ. తెచ్చిన జనరేటరు మైకుకీ లైట్లకీ సరిపోయింది. ఎండాకాలం, మిట్ట మధ్యాహ్నం, పైన రేకులు, ఒంటి మీద మఖమల్ అంగీ. నా మీసం చూడబోతే స్పిరిట్ గమ్ముతో అతికించింది. ఆ గమ్ము గాలికి భయపడదు, వానకి భయపడదు, చెమటకి మాత్రం చేతులెత్తేస్తుంది.

వెనక వరసలో ఓబులేసు కనబడినాడు. ఒక్కడే రాలేదు. సంత స్నేహితులు నలుగురిని వెంటేసుకుని, తలలకి తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నాడు.

వీరపద్యం పాడినా. మీసం మెలేసినా.

"వన్స్ మోర్!"

అబ్బా! ఏం కేక అది! కొత్త గోడలు అదిరినాయి. స్నేహితులు నలుగురూ అందుకున్నారు. వాళ్ళని చూసి ముందు కూర్చున్నవాళ్ళు కూడా, ఏదో గొప్పది మనకే తెలియలేదేమో అనుకుని, 'వన్స్ మోర్' అన్నారు. నాకు ఒళ్ళంతా జలదరించింది. దొంగదని తెలిసినా ఎంత తియ్యగా ఉందో! సగం గొంతు సంగతి మర్చిపోయి నిండు గొంతుతో ఎత్తుకున్నా. మేష్ట్రు హార్మోనియం మీంచి తలెత్తి నా వైపు చూసిన చూపు మీకు చూపించలేను.

అక్కడితో అయిపోయిందనుకున్నా. అసలుది ఏడుపు పద్యం దగ్గర మొదలైంది.

యుద్ధంలో యువరాజు చచ్చిపోతాడు. రాజు కొడుకు తలని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ పద్యం పాడాలి. యువరాజు వేషం మా గంగాధర్‌ది. బయట మోటార్లకి వైండింగు చేస్తాడు. బరువులో ఇద్దరు రాజులంత ఉంటాడు. పక్కన రాణి, సుజాతమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంటుంది. పద్యం చివరి పాదానికి వచ్చినా. ఆకాశం వైపు చెయ్యి చాపి రాగం తీస్తున్నా. ఎడమవైపు మీసం పెదవి వదిలి గాల్లో ఊగింది!

కొడుకు చచ్చినప్పుడు రాజు మీసం ఊడి కొడుకు ముఖం మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. చటుక్కున చెయ్యి పెట్టి నొక్కినా.

"వన్స్ మోర్!"

ఓబులేసు లేచి నిలబడి మరీ అరుస్తున్నాడు. ముందు వరసలోంచి మండపం యజమాని చెయ్యెత్తినాడు. "అడుగుతాండారు కదప్పా, పాడు!"

పాడినా. పాడితే చెమట. చెమటకి ఈసారి కుడివైపు లేచింది. నొక్కినా.

"వన్స్ మోర్!"

అప్పుడర్థమైంది నేనెంత చక్కటి ఉచ్చులో పడినానో. పాడితే చెమట పడుతుంది. చెమటకి మీసం ఊడుతుంది. ఊడితే నొక్కాలి. నొక్కితే వాడు అరుస్తాడు. అరిస్తే పాడాలి! ఆ ఉచ్చు నేనే పేని, నేనే ముడేసి, నా మెడకే తగిలించుకున్నది.

ఒళ్ళో శవం పెదవులు కదపకుండా గొణిగింది. "అన్నా, నాకు మెడ పట్టేసింది. ఎప్పుడు లేపుతావు?"

"నువ్వు చచ్చినావురా. ఊరుకో."

పక్క నుంచి సుజాతమ్మ, కొంగు చాటున ఏడుస్తూనే, "అన్నా, టైము సూస్తాండావా? ధర్మవరం పోవద్దా మనం?" అంది.

తల అడ్డంగా ఊపుతూ ఓబులేసుకి సైగ చేసినా, వద్దురా అని. కొడుకు పోయిన రాజు తల అడ్డంగా ఊపకుండా ఎట్లా ఊపుతాడు? వాడు నా నటన చూసి మురిసిపోతున్నాడు. ఇక లాభం లేదని నాటకం భాషలోనే వాడి వైపు తిరిగి, "వలదు! ఇక వలదు! చాలించుము నాయనా, ఈ తండ్రి తాళలేడు!" అని మొత్తుకున్నా. జనం కళ్ళు తుడుచుకున్నారు. ఓబులేసు కూడా తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మీసం ఊగింది. ఈసారి ఎడమ చేత్తో నొక్కినా. ఏ చెయ్యి అని నేను వాడికి చెప్పలేదని గుర్తు లేదు.

"వన్స్ మోర్!"

గొంతులో ఏదో తెగినట్టనిపించింది. ఏం చెయ్యాలి? నా చెయ్యి మీసం మీద పడితే కదా వాడు అరిచేది? వేరేవాళ్ళ చెయ్యి పడితే? మెరుపు మాదిరి ఆలోచన వచ్చింది. చచ్చిన కొడుకు చేతిని పైకెత్తి, ప్రేమగా ముద్దు పెట్టుకుంటున్నట్టు, దాంతో మీసం అదిమినా.

వెనక వరసలో ఓబులేసు స్నేహితుల వైపు వంగి సంప్రదిస్తున్నాడు. ఏం తేల్చుకున్నారో ఏమో, అయిదుగురూ కలిసి లేచినారు.

"వన్స్ మోర్!"

తర్వాత వాణ్ణడిగితే, "చెయ్యి మీసం మీద పడిందా లేదా బావా? ఎవురిదైతే ఏమి?" అన్నాడు. న్యాయంగానే ఉంది.

మళ్ళీ పద్యం ఎత్తుకున్నా. ఎత్తుకున్నానంటే ఎత్తుకున్నట్టు. అప్పటికి గొంతు బొంగురుపోయింది. మీసం ఒక దారం మీద వేలాడుతోంది. చెయ్యి దానంతటదే పైకి లేస్తోంది. ఇంకో కేక వస్తే నేను నిజంగానే చచ్చేటట్టున్నా. అప్పుడు గంగాధర్ చెయ్యి లేచింది. చచ్చిపోయిన గంగాధర్ చెయ్యి! మెల్లగా లేచి, నా మూతి దగ్గరికొచ్చి, మీసాన్ని పట్టుకుని పరపర పీకేసి, దాన్ని గుప్పిట్లోనే దాచుకుని, మళ్ళీ గుండెల మీద పడి చచ్చిపోయింది.

మీసం లేదు. ఇంక దేని మీద చెయ్యి పడుతుంది? ఓబులేసు నోరు తెరుచుకుని నిలబడిపోయినాడు. హాలంతా పగలబడి నవ్వింది. తెర వేసేసినారు. తెర అవతల జనం బల్లలు గుద్దుతూ వన్స్ మోర్, వన్స్ మోర్ అని అరుస్తున్నారు. ఆ ఒక్కటి మాత్రం నిజమైన వన్స్ మోర్. నాకు కాదు లెండి. శవానికి.

ఒంటిగంటకి అయిపోవాల్సిన ఆట మూడున్నర దాకా సాగింది. వ్యానులో కూర్చుని నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. మేష్ట్రు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. హార్మోనియం పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దాన్ని అటక మీద ఎట్లా పెట్టాలా అని ఆలోచిస్తున్నాడేమోనని నాకు గుబులు.

అంతలో ఓబులేసు పరిగెత్తుకుంటూ వచ్చి వ్యాను ఎక్కినాడు. ముఖం వెలిగిపోతోంది. "ఎట్ల బావా? లెక్కే లేదు కదా! ధర్మవరం కూడా వస్తా నేను."

నోరు మూసుకోరా అని చెప్పడానికి నాకు గొంతు లేదు. రెండు చేతులతో సైగలు చేస్తున్నా.

సుజాతమ్మకి అనుమానం వచ్చింది. "ఏం లెక్కన్నా?"

"అదే అక్కా, బావ చెప్పినాడు కదా, మీసం మీద చెయ్యి పడితే అరవమని! నేను ఒక్కటి కూడా ఇడిసిపెట్టలే!"

గంగాధర్ మెడ రుద్దుకోవడం ఆపి నా వైపు చూసినాడు. గుప్పిట తెరిచి, మీసాన్ని నా తొడ మీద పెట్టినాడు. మేష్ట్రు కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే, "అట్లనా" అన్నాడు. ఆ 'అట్లనా'కి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రంగు ఇంకా కడుక్కోకపోవడం ఒక్కటే మేలైంది.

చెన్నేకొత్తపల్లి దాటినాక ఇంకో గండం. రోడ్డు నిండా గొర్రెలు! ముందు ఒక లారీ, వెనక మేము. ఆరింటికి మా నాటకం. ఆ టైముకి తెర లేవకపోతే పోటీలోంచి పేరు తీసేస్తారు. డ్రైవరు హారను కొట్టేకొద్దీ గొర్రెలు ఇంకా ముద్దగా రోడ్డు మధ్యకే చేరుతున్నాయి. ఓబులేసు కిందికి దిగినాడు. దారి చేస్తాడనుకున్నాం. ముందు ఒక పొట్టేలు వీపు నొక్కి చూసి, కాపరితో బేరం మొదలుపెట్టినాడు!

"ఒరే ఓబులేసూ!" అన్నాడు మేష్ట్రు. దారిలో ఆయన అన్న రెండో మాట అది.

వాడు ఉలిక్కిపడి, రోడ్డు మధ్యలో నిలబడి, నోటి పక్కన చెయ్యి పెట్టుకుని ఒక్క కేక వేసినాడు. మంద మొత్తం రెండుగా చీలి పక్కలకి జరిగిపోయింది. ఆ కేకకి లారీ కూడా కొంచెం పక్కకి జరిగినట్టు నాకనిపించింది.

ధర్మవరం చేరేసరికి మా ముందరి నాటకం చివరి సీను నడుస్తోంది. మేకప్ గదిలో మేష్ట్రు నా ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మీసం అతికించలేదు. కాటుకతో గీసినాడు. గీస్తూనే నెమ్మదిగా అన్నాడు. "శృతి బాగా దించి వాయిస్తా. వచ్చినంత పాడు. రానిచోట ఊరుకో. మీసం ముట్టుకున్నావా, చెయ్యి ఇరగ్గొడతా. ఇంగొకటి, ఈడ గంట కొట్టేలోపల ముగించల్ల. వన్స్ మోర్ తీసుకోకూడదని రూలు. తీసుకుంటే మార్కులు పాయె, మనమూ పాయె."

ఓబులేసుని వ్యానులోంచి దిగొద్దని చెప్పినాం. తల ఊపినాడు. వాడి తల ఊపుడు మీద నాకు నమ్మకం లేదు.

తెర లేచింది. లైట్లు కళ్ళల్లో కొడుతున్నాయి. జనం కనబడరు, చీకటి గోడ ఒక్కటే. వీరపద్యం ఎట్లనో గట్టెక్కించినా. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పాడినా, మీసం వైపు పోకుండా. యుద్ధానికి పోయే రాజు ఎగ్జిబిషను చూడడానికి పోతున్నట్టు నిలబడి ఉంటాడు.

ఏడుపు పద్యం వచ్చింది. గంగాధర్ తల ఒళ్ళోకి వచ్చింది. "అన్నా, పడిపోవాకు, నేనుండా" అని గొణిగినాడు శవం. నోరు తెరిచినా. అది పాట కాదు. ఎండిపోయిన బోరులోంచి వచ్చే గాలి. పైస్థాయికి పోవాల్సిన చోట గొంతు చిట్లిపోయింది. ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. మేష్ట్రు ఆగలేదు. నా గొంతు లేనిచోట ఆయన వేళ్ళు పాడినాయి. మళ్ళీ దొరికినచోట అందుకున్నా. ట్రూపు, అటక, సుజాతమ్మ ఇల్లు, అన్నీ కళ్ళ ముందు తిరుగుతున్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి నటన కాదని ఇప్పుడు చెప్తే మీరు నమ్మరు.

పద్యం అయిపోయింది. హాలులో చప్పుడు లేదు. లేచి వెళ్ళిపోయినారా, నిద్రపోయినారా? గంట కొట్టడానికి ఇంకెంతో టైము లేదు. తర్వాతి మాటలు అందుకోబోతున్నా.

"వన్స్ మోర్!"

ముందు వరసలోంచి. గట్టిగా. ఒక్కటే గొంతు.

నెత్తురు సర్రున తలకెక్కింది. వచ్చేసినాడు! వ్యాను దిగి, జనంలో దూరి, ముందుకే వచ్చి కూర్చున్నాడు! మీసం ముట్టుకోలేదు కదరా, చేతులు శవం కింద ఉన్నాయి కదరా!

మళ్ళీ వచ్చింది. "వన్స్ మోర్!"

మైకు ఎదురుగా ఉందన్న సంగతి మర్చిపోయినా. చీకట్లోకి చూస్తూ పళ్ళు కొరికినా.

"ఒరే బామ్మర్దీ! నోరు మూసుకోని కూర్చోరా!"

మధ్యాహ్నం నుంచి రాని గొంతు, పద్యానికి రాని గొంతు, ఆ ఒక్క మాటకి గంట కొట్టినట్టు ఖంగుమని వచ్చింది! స్పీకర్లలో మోగి, హాలు చుట్టి, మళ్ళీ నా చెవుల్లోనే పడింది.

అప్పుడు చూసినా. కుడి పక్క సైడు తెర వెనక, మేష్ట్రుకి చెయ్యి అందేంత దూరంలో, ఒక స్టూలు మీద ఓబులేసు కూర్చుని ఉన్నాడు. నోట్లో తువ్వాలు కుక్కి ఉంది. వ్యానులో ఉన్నా వీడి కేక లోపలికి వినబడుతుందని మేష్ట్రే పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడంట. గుడ్లు తేలేసి నా వైపు చూస్తున్నాడు.

మరి నేను తిట్టింది ఎవర్ని?

తర్వాతి మాట గుర్తు రాలేదు. ఒళ్ళో శవం కూడా ఊపిరి బిగపట్టింది. అప్పుడు సుజాతమ్మ లేచింది. జుట్టు విరబోసుకుని, నా భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"మహారాజా! పుత్రశోకమున మీ మతి చలించినది! నా తమ్ముడు సరిహద్దు కోటలో ఉన్నాడు, ఇక్కడ లేడు! ఎవరిని చూచి ఎవరనుకుంటున్నారు ప్రభూ!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆమె మాట పట్టుకుని నేను వెక్కివెక్కి ఏడ్చినా. అది మాత్రం భేషుగ్గా వచ్చింది. తెర దిగిన వెంటనే గంట కొట్టినారు.

మేకప్ గదిలో కొబ్బరినూనె రాసుకుంటూ ముఖం తుడుచుకుంటుంటే తలుపు దగ్గర దగ్గు వినిపించింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో జరీ కండువా. పెద్దాయన. ఆ ఊర్లో పేరున్న పట్టుచీరల వ్యాపారి. ఉత్తమ నటుడికి పట్టుపంచెల చాపు బహుమతిగా ఇచ్చేది ఆయనే. నిర్వాహకులు ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడినారు.

"ఏమప్పా రాజా, మా చెల్లెల్ని నీకు ఎప్పుడిచ్చినా నేను?"

నాకు భూమిలోకి పోదామనిపించింది. కాళ్ళకి దండం పెట్టబోయినా. గొంతు మళ్ళీ పోయింది, గాలి తప్ప ఏమీ రావడం లేదు. పెద్దాయన నా చేతులు పట్టుకుని ఆపినాడు.

"చిన్నప్పటి నుంచి నాటకాలు సూస్తాండా. ఇంతవరకు ఎవురికీ వన్స్ మోర్ అని అరవలే. ఈ పొద్దు నీ గొంతు చిట్లుతా ఉంటే నిజంగా కొడుకు పోయినోడే కనబడినాడు. ఆపుకోలేక అరిచినా. రూలు నేనే పెట్టించి, నేనే తప్పినా. మొదటిసారి నోరు తెరిస్తే నువ్వు మూసుకోమంటివి!"

గదిలో అందరూ నవ్వుతున్నారు. మూలన ఓబులేసు మాత్రం నవ్వడం లేదు. నోట్లోంచి తువ్వాలు తీసి, నిజంగా బాధపడిపోతూ అన్నాడు. "పొద్దన్నుంచి నేను దొంగకేకలు పెడితే మళ్ళా మళ్ళా పాడితివి బావా. నిజంగా నచ్చి అరిచినాయన్ని తిడితివే!"

అంత సూటిగా నన్ను ఇంతవరకు ఏ విమర్శకుడూ అనలేదు.

ఫలితాలు చదివినారు. మా నాటకానికి రెండో స్థానం. మేష్ట్రు హార్మోనియం పెట్టె మీద దుమ్ము లేకపోయినా కండువాతో ఒకసారి తుడిచినాడు. సమయస్ఫూర్తికి సుజాతమ్మ ఉత్తమ నటి. ఉత్తమ నటుడు ఎవరో వేరే ఊరాయన. నా గురించి న్యాయనిర్ణేతలు ఒక్క వాక్యమే చదివినారు. "రాజు పాత్రధారి శోకాన్ని సహజంగా పండించినారు గానీ, ప్రేక్షకులతో బంధుత్వాలు కలుపుకోవడం మానుకోవాలి."

వ్యాను ఎక్కుతుంటే పెద్దాయన మనిషి పరిగెత్తుకొచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టినాడు. "మా చెల్లెలికి ఇయ్యమన్నాడు మా సావుకారి." లోపల చిలకపచ్చ రంగు పట్టుచీర, ఎర్ర అంచు. బామ్మర్దీ అన్నానంటే నా భార్య ఆయనకి చెల్లెలే కదా. పుట్టింటి చీర అన్నమాట. దాన్ని చూసి ఓబులేసు హిందూపురం దాకా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. అసలు తమ్ముడుగా వాడు ఇంతవరకు వాళ్ళ అక్కకి పెట్టింది ఒక గొర్రెపిల్ల. అదీ పండక్కి వాడే వచ్చి తినిపోయినాడు.

ఇంటికొచ్చినాక జరిగిందంతా సైగలతో, కాగితం మీద రాసి, నా భార్యకి చెప్పినా. పెనుకొండ, మీసం, శవం, మైకులో తిట్టు, ఏదీ దాచలేదు. తిడుతుందని తల వంచుకుని కూర్చున్నా. పెండ్లయినప్పటి నుంచి నా నాటకం ఒక్కటి చూడనిది, నా పద్యం ఒక్కటి చెవిన పెట్టనిది, నేను రాసింది మొత్తం చదివి, చీర భుజం మీద వేసుకుని, అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుంది.

"ఏమయ్యో, మళ్ళా ఏడాది కూడా ఆ పోటీలు ఉంటాయా?"

తల ఊపినా.

"ఆ పెద్దాయన ముందు వరసలోనే కూర్చుంటాడా?"

ఊపినా.

"అయితే ఇదే మాదిరి ఇంగోసారి తిట్టు" అంది, అంచు మడతలు సరిచేసుకుంటూ. "వన్స్ మోర్!"